తప్పిన బంతి ఎక్కడ పడుతుందో తెలిసిన మనిషి

సన్యాసిరావు మాష్టారు ఇక లేరన్న వార్త నాకు స్టీల్ ప్లాంటు స్టోర్సులో బోల్టుల పెట్టెలు సర్దుతుండగా తెలిసింది. చెప్పినవాడు మాష్టారిని ఎరగడు. "మీ బాస్కెట్‌బాల్ ఆయన పోయారట" అని మామూలుగా అనేసి టీకి వెళ్లిపోయాడు. నేను చేతిలో పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దిగ్భ్రాంతి అందామంటే ఆయన ఆరు నెలలుగా మంచం మీదే ఉన్నారు. దుఃఖం అందామంటే కన్నీళ్లు రాలేదు. ఏదో అయోమయం ఆవహించింది. అది ఈ నాలుగు ముక్కలు రాస్తున్న ఇవాళ్టికీ నన్ను వదల్లేదు.

ఈ సంస్మరణ సంచికకి రాయమని మిత్రులు అడిగినప్పుడు నా వల్ల కాదన్నాను. గురువుని స్మరించేవాడికి ఆ గురువు తనకి మేలు చేశాడో కీడు చేశాడో ముందు తెలియాలి కదా. నాకు తెలియదు. తెలియకపోతే తెలియదనే రాయమన్నారు వాళ్లు. సరే, ఇక తప్పేదేముంది.

ఎలమంచిలి దగ్గర పల్లెలో పుట్టి, హార్బరులో ఓడల మీద సరుకు దించే వించి యంత్రం నడిపిన మనిషి ఆయన. పెద్ద చదువు లేదు. కోచింగు సర్టిఫికెట్టు లేదు. ఎవరో విదేశీ నావికులు ఆడుతుంటే చూసి ఈ ఆట మీద మనసు పడ్డారట. పోర్టు క్వార్టర్ల వెనక ఉన్న సిమెంటు కోర్టులో డెబ్బైల్లో ఆయన చేరదీసిన జట్టు మాది. మేమందరం ఆయన్ని మాష్టారు అనేవాళ్లం, ఆ పిలుపుతో ఊరు కూడా అలాగే పిలిచింది. డ్యూటీ దిగి, నూనె మరకల చొక్కాతోనే కోర్టుకి వచ్చేసేవారు. ఈల ఉండేది కాదు, చప్పట్లే.

మా జట్టు సంగతి తెలియాలంటే ముందు ఎల్లాజీ సంగతి తెలియాలి. ఎల్లాజీది జాలరిపేట. ఇరవై ఏళ్లవాడు, పొడుగు చేతులు. మొదటి రోజు కోర్టుకి వచ్చి రింగులోకి ముప్పై సార్లు బంతి వేశాడు, ఇరవై సార్లు తప్పాడు. మాలో ఇంకెవరైనా అయితే నాలుగు తప్పగానే సిగ్గుపడి బంతి పక్కవాడికి ఇచ్చేస్తాం. వాడు ముప్పై ఒకటోసారి కూడా చెయ్యి చాపి బంతి అడిగాడు. మాష్టారు నవ్వి, "సిగ్గు లేదు ఆడికి. మనకి కావాల్సింది అదే" అన్నారు. ఆ సాయంత్రమే జట్టు తలరాత రాసేశారు. ఇక మీదట వేసేవాడు ఎల్లాజీ ఒక్కడే, మిగతా నలుగురం వాడి కోసం.

అందరూ అనుకున్నట్టు ఆయన ఎల్లాజీ వేసే బంతుల చుట్టూ జట్టు కట్టలేదు. ఎల్లాజీ తప్పే బంతుల చుట్టూ కట్టారు. ఆయన గొప్పతనమో వెర్రితనమో, ఉన్నదంతా ఇందులోనే ఉంది. అన్నిసార్లు వేసేవాడు అన్నిసార్లు తప్పుతాడు, ఆ తప్పినవన్నీ అవతలివాళ్ల చేతికి పోతే మనం మునిగాం అనేవారు. అందుకని రెండు నెలల పాటు ఎల్లాజీ చేత బంతి వేయించి, రింగుకి తగిలి తిరిగొచ్చిన ప్రతి బంతీ ఎక్కడ పడిందో అక్కడ సున్నంతో గుర్తు పెట్టారు. ఎడమ మూల నుంచి వేస్తే తప్పిన బంతి కుడివైపు దూరంగా పడుతుంది. ఎదురుగా నిలబడి వేస్తే ముందుకే వచ్చి పడుతుంది. మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి లేస్తే ఆ లెక్క మళ్లీ వేరు, దానికి వేరే గుర్తులు. కోర్టంతా సున్నపు చుక్కలతో ముగ్గు వేసినట్టుండేది. ఎల్లాజీ గాల్లోకి లేవగానే, బంతి వాడి చేతిలో ఉండగానే, మేం ఆ చుక్కల మీదికి పరిగెత్తాలి. రింగు వైపు చూడకూడదు. "ఎల్లిన బంతి ఆడిది, తిరిగొచ్చిన బంతి మీది" అనేది ఆయన మాకిచ్చిన మంత్రం.

మా నలుగురిలో కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చిన ప్రసాద్ ఒకడు. చూడచక్కగా బంతి వేసేవాడు. ఒకరోజు వాడికి ఉక్రోషం వచ్చింది. తనూ వేయగలడనీ, ఎల్లాజీ ఎంగిలి బంతులు ఏరుకోవడానికి ఇంతదూరం రాలేదనీ గట్టిగానే అన్నాడు. మాష్టారికి కోపం రాలేదు. "నువ్వెయ్యగల్వు బాబూ, నాకు తెల్సు. పది వరసగా తప్పీసాక పదకొండోది నవ్వుతూ ఎయ్యగల్వేటి?" అని అడిగారు. ప్రసాద్ ఆలోచించి, నిజాయితీపరుడు కనుక, వేయలేనని ఒప్పుకున్నాడు. తరవాత వారం నుంచి ఆటకే రావడం మానేశాడు. ఆ జవాబు ధర్మమైనదో కాదో నాకిప్పటికీ తేలలేదు.

నేను మానలేదు. నా పేరు నాయుడు, నాది సబ్బవరం పక్క పల్లె, రైతు కుటుంబం. పట్నంలో ఒక బట్టల కొట్లో గుమస్తాగా ఉండేవాణ్ని. నన్ను నేను పెద్దగా అనుకునే అలవాటు లేదు. కాని ఎల్లాజీ తప్పిన బంతిని నా అంత బేగి చేరేవాడు లేడని నాలుగు జిల్లాల్లో అన్నారు. వాడి భుజం ఏ మాత్రం వాలిందో చూసి బంతి ఎటు పోతుందో చెప్పగలిగేవాణ్ని. పట్టుకుని మళ్లీ వాడికే ఇచ్చేవాణ్ని. రింగు కింద ఒంటరిగా, బంతి చేతిలో ఉండి, ఎవరూ అడ్డు లేకపోయినా వాడికే ఇచ్చేవాణ్ని. అదేం బుద్ధి అని ఇప్పుడు అడిగితే ఏం చెప్పను?

ఒకసారి మా నాన్న మ్యాచి చూడటానికి వచ్చాడు. ఆట అయ్యాక, "ఏటిరా, నీకు ఎయ్యడం రాదేటి?" అని పదిమందిలో అడిగేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. తరవాతి మ్యాచికి మాష్టారు ఆయన్ని బతిమాలి మళ్లీ రప్పించారు. పక్కనే కూర్చుని, నేను బంతి పట్టిన ప్రతిసారీ వేలు చూపించి, ఇదిగో ఇది మీ వాడిది, ఇదిగో ఇదీ మీ వాడిదే అని చెబుతూ పోయారు. నాన్నకి ఎంత ఎక్కిందో గాని, అప్పట్నుంచి ఊళ్లో నన్ను "మావోడు బంతి తెచ్చీవోడు" అని పరిచయం చేసేవాడు. గర్వంగానే అనేవాడు పాపం. విన్నవాళ్లే నవ్వేవారు.

ఇక ఫైనలు గురించి రాయాలి. ఊళ్లో కొంతమందికి మాష్టారు ఆ ఒక్క మ్యాచితోనే గుర్తున్నారు, అది ఆయన దురదృష్టం. ఎనభైల మొదట్లో, బెజవాడ నుంచి వచ్చిన జట్టు మీద ఆడుతున్నాం. ఆ రోజు ఒక కంపెనీ ఆఫీసర్లు ముందు వరసలో కూర్చున్నారు, ఎల్లాజీకి ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని చూసుకోవడానికి. ఇంట్లో చెల్లెళ్లు, పడవ ప్రమాదంలో కాలు పోయిన తండ్రి. వాడికి ఆ ఉద్యోగం ఎంత అవసరమో మా అందరికీ తెలుసు. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఇంకా కొన్ని సెకన్లే ఉందనగా మాష్టారు టైమౌట్ అడిగారు. మమ్మల్ని ముందు మా మా చోట్లకి పొమ్మని, ఎల్లాజీ మెడ చుట్టూ చెయ్యి వేసి వాడి చెవిలో ఏదో చెప్పారు.

ఆట మొదలైంది. ఎడమ మూలలో ఎల్లాజీకి బంతి అందింది. ఇద్దరు మీద పడ్డారు. నేను రింగు కింద ఉన్నాను, నా చుట్టూ ఎవరూ లేరు. వాడు గాల్లోకి లేచాడు. ఇన్నేళ్ల అలవాటు, నా కాళ్లు నన్ను అడగకుండానే కుడివైపు దూరానికి, తప్పిన బంతి పడే చోటికి పరిగెత్తాయి. బంతి రింగు మీదికి పోలేదు. నేను అంతకుముందు నిలబడిన చోటికి వచ్చింది. ఎల్లాజీ తన జీవితంలో మొదటిసారి, వేయకుండా నాకు పాస్ ఇచ్చాడు. ఆ బంతి ఖాళీ నేల మీద ఒకసారి గెంతి గీత దాటి పోయింది. ఓడిపోయాం.

మా జట్టు కమిటీ పెద్దలు కోర్టులోకి వచ్చి ఎల్లాజీని ఎందుకిచ్చావని నిలదీశారు. వాడు ముందు వరసలో ఉన్న ఆఫీసర్ల వైపు చూశాడు. మాష్టారు ముందుకొచ్చి, ఆఫీసర్లకి కూడా వినపడేలా చెప్పారు.

"నానే ఇమ్మన్నాను. నాయుడికిమ్మన్నాను. తప్పుంటే నాది."

దాంతో ఆయన పని అయిపోయింది. జట్టంతా ఒకడి చుట్టూ కట్టి, ఆఖరి క్షణంలో వాడి చేతికి సంకెళ్లు వేసినవాడికి మతి లేదన్నారు. నెల తిరక్కుండా ఆయన్ని తప్పించి వేరే మనిషిని పెట్టారు. ఎల్లాజీకి ఉద్యోగం వచ్చింది. నాకు మాత్రం ఒక పేరు వచ్చింది. మాష్టారు ఇమ్మన్నారు, ఎల్లాజీ ఇచ్చాడు, నాయుడు అక్కడ లేడు.

కొన్నాళ్లకి ఉండబట్టలేక ఆయన ఇంటికి వెళ్లి, ఎల్లాజీకి చెప్పిన మాట నాకెందుకు చెప్పలేదని అడిగాను. అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నారు. "సెప్తే నువ్వు బంతి కోసం సూసీవోడివి. ఆల్లు కనిపెట్టీసీవోలు" అన్నారు. ఎంత చక్కటి జవాబు! ఆయన భార్య కాఫీ తెచ్చి నా వైపు జాలిగా చూసినట్టనిపించింది. నా భ్రమ కావచ్చు.

ఆ మాట మీదే నేను ఇన్నేళ్లు బతికాను. ఏళ్ల తరబడి ఒక్క బంతి కూడా వేయనివ్వని మనిషి, అన్నిటికంటే అవసరమైన క్షణంలో నా పేరు తలుచుకున్నాడు. నన్ను నమ్మాడు. ఆ నమ్మకాన్ని నేనే నిలబెట్టుకోలేకపోయాను. పెళ్లయిన కొత్తలో నా భార్యకి చెప్పాను, స్టోర్సులో చేరాక పక్క సీటు ఆయనకి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ గర్వమూ సిగ్గూ కలిసి వచ్చేవి. మాష్టారు ఎదురైతే తప్పుచేసినవాడిలా తలదించుకునేవాణ్ని. ఆయన భుజం తట్టి వెళ్లిపోయేవారు.

మొన్న పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఎల్లాజీ నన్ను గోడ పక్కకి తీసుకెళ్లాడు. లావయ్యాడు, జుట్టు పలచబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బావా, ఆ రోజు మాష్టారు నీకిమ్మన్లేదు. నన్నే ఎయ్యమన్నారు. తప్పినా పర్లేదురా, బంతి తేడానికి నాయుడున్నాడు అన్నారు. నాకే సెయ్యి బిగుసుకుపోనాది. ఆ ఆఫీసర్లని సూసి బయ్యమేసీసింది. నీ ఏపు ఇసిరీసి ఒదిలించుకున్నాను బంతిని."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. తను బతికుండగా నోరిప్పొద్దని మాష్టారు ఒట్టు వేయించుకున్నారట. ముందు ఉద్యోగం కోసమట, తరవాత ఎందుకో వాడికీ తెలియదట. వాడు ఏడుస్తున్నాడు. ఓదార్చాలో చెంప మీద కొట్టాలో తోచక వాడి వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

అప్పట్నుంచి నా బుర్ర పనిచేయడం లేదు. ఆయన చెప్పింది అబద్ధం. దాని వల్ల ఆయన జట్టు పోయింది, పరువు పోయింది, ఆ రెండూ తెలిసే పోగొట్టుకున్నారు. ఒక కుటుంబం నిలబడింది. అలాంటి త్యాగం చేసిన మనిషి పాదాలకి ఎవరైనా మొక్కుతారు, నేనూ మొక్కుతాను. కాని అదే అబద్ధం వల్ల నేను నా చోట లేనివాణ్నయ్యాను. ఆయన ఆ సంగతి ఆలోచించారా? ఆలోచించే, ఇది కూడా వీడు ఎల్లాజీ కోసం మోస్తాడులే అనుకున్నారా? ఆ అబద్ధాన్ని కూడా ఆయన ఎల్లాజీ చుట్టూనే కట్టారు.

అరుగు మీద నాకిచ్చిన జవాబో? అది ఎల్లాజీని కాయడానికా, లేక జీవితంలో ఒక్కసారైనా నా మీద నమ్మకం పెట్టారని నాకు తృప్తి ఇవ్వడానికా? తృప్తికే అయితే అది అవసరం లేదు మాష్టారూ. "తేడానికి నాయుడున్నాడు" అన్న మాట ఆ రోజే నా చెవిన వేసి ఉంటే చాలు. ఎవరైనా రింగు కింద ఖాళీగా ఉన్నవాడికి బంతి ఇవ్వమంటారు. తప్పినా భయం లేదు, వాడున్నాడు అనడానికి ఎంత నమ్మకం ఉండాలి! ఇలా రాస్తున్నాను గాని, ఇన్నేళ్లుగా గుండెలో దాచుకున్న ఆ మొదటి నమ్మకం అబద్ధమని తెలిసినప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు. చెప్పుకోవడానికి ఉన్న ఒక్క కథా పోయినట్టయింది.

ఎల్లాజీ వెళ్లాక మాష్టారి ఫోటో ముందుకి వెళ్లి పువ్వులు పెట్టాను. ఆయన భార్య పక్కనే కూర్చుని ఉన్నారు. ఏదైనా చెప్పు నాయనా అన్నట్టు చూశారు. నాకు పొగడ్త రాలేదు, కోపమూ రాలేదు. "నాను అక్కడే ఉన్నాను మాష్టారూ" అన్నాను. ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆయనకి తెల్సు బాబూ" అన్నారు.

ఆయనకి తెలుసు. ఊరంతా నేను నా చోట లేననుకుంటే, ఉండాల్సిన చోటే, తప్పిన బంతి పడే చోటే నేను ఉన్నానని తెలిసిన మనిషి, ఇన్నేళ్లూ నా భుజం తట్టి ఊరుకుని, చెప్పకుండా వెళ్లిపోయారు. ఆయనకి నా నమస్కారం. ఎందుకలా చేశారో చెప్పగలిగినవారు ఇక ఎవరూ లేరు.