ఢిల్లీరావు చెప్పిన కార్గిల్

పూండి దగ్గర జీడితోటల మధ్య ఒక ఊరు. ఢిల్లీరావు మిలటరీ నుంచి రిటైరై అక్కడికి వచ్చిన ఏడాదికి టీవీలో కార్గిల్ పోరాటాల మీద ఒక హిందీ ధారావాహిక మొదలైంది. ఆదివారానికో కొండ గెలిచి చూపించేవారు. సగం ఊరు ఢిల్లీరావు ఇంట్లోనే ఉండేది. వాళ్లలో హిందీ అర్థమయ్యేది ఆయనొక్కడికే మరి.

తెరమీద ఆఫీసరు ఏం చెప్పినా, ఢిల్లీరావు తెలుగులో అది వేరే దారి పట్టేది.

“ఏటంతన్నాడు మావా?” అని అడిగేవాడు పక్కింటి సూర్యం.

“ఈ ఢిల్లీరావు లేకపోతే ఆ కొండ దక్కేది కాదంతన్నాడు.”

నాలుగు వారాల్లో మూడు కొండలు ఆయన చేతుల మీదుగానే లొంగాయి. భార్య అప్పలనరసమ్మ ఆ గర్వంలో అందరికీ వేయించిన జీడిపప్పు పంచేది.

ఐదో ఆదివారం, హైస్కూల్లో హిందీ చెప్పే రూతు టీచరు తన టీవీ పాడైందని వచ్చి ముందు వరసలో కూర్చుంది. అది చాలదన్నట్టు తెరమీద ఉన్నట్టుండి ఢిల్లీరావే ప్రత్యక్షమయ్యాడు, చేతిలో పెద్ద గరిటెతో! రిటైరయ్యే ముందు టీవీవాళ్లు వచ్చి మాట్లాడించిన మాట నిజమే. తన మాటలు ఎవరు వేస్తారులే అనుకున్నాడు.

“ఏటంతన్నావు మావా?”

టీచరే చెప్పింది.

“తను వంటవాణ్ణంటున్నారు. పైనున్నవాళ్లకి పూరీల మూట మోసుకెళ్తుంటే గుండ్లు పడ్డాయట. భయంతో బండ కింద దూరి ఏడ్చారట. రెండు రోజులుగా వాళ్లు ఏమీ తినలేదని గుర్తొచ్చి మళ్లీ ఎక్కారట.”

ఎవరూ నవ్వలేదు. సూర్యం లేచి, ఏం చెయ్యాలో తోచక సెల్యూట్ కొట్టాడు, ఎడమ చేత్తో.

అప్పలనరసమ్మ మాత్రం నడుం మీద చెయ్యేసుకుంది. “ఇరవయ్యేళ్లు మిలటరీవోళ్లందరికీ వొండినావు. సెలవలకొచ్చినపుడు ఒక్కసారైనా నాకు టీ కాసిచ్చినావేటి?”

“తుపాకీ పట్టినోడననుకున్నావు కదే. గరిటి పడితే దొరికిపోనా?”

మరుసటి ఆదివారం టీవీ ముందు రూతు టీచరు ఒక్కతే మిగిలింది. తక్కినవాళ్లంతా పెరట్లో పొయ్యి చుట్టూ చేరారు. ఢిల్లీరావు చెమటలు కక్కుతూ, సూర్యాన్ని పిండి కలపమని ఆఫీసరులా గద్దిస్తూ పూరీలు వేయిస్తున్నాడు. అప్పలనరసమ్మ పీట మీద దర్జాగా కూర్చుని మొదటి పూరీ తింది.

“ఉప్పు సాల్లేదు,” అని రెండోది అందుకుంది.