ఎస్తేరు టీచరమ్మ వదలని బెలూన్

చారు కాగుతుంటే నేనిప్పటికీ మూత తీసి చూస్తాను. కరివేపాకు ఒకటి గిన్నె నడుమ పైకి లేచి, అంచుకు కొట్టుకుపోయి, మునిగి, మళ్లీ లేస్తుంది. ఇంగువ వాసన తగలగానే నంద్యాల బడిలో మా సైన్సు టీచరు ఎస్తేరమ్మగారు గుర్తొస్తారు. ఉరుముల మేఘాన్ని ఆమె మాకు చారుగిన్నెలోనే చూపించారు. “మేఘమంటే దూది అనుకుంటాండారా? లోపల ఇట్లే ఉడుకుతాంటాది. దాంట్లో పడిన బెలూన్ గతి ఈ ఆకు గతే,” అనేవారు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. జింకు ముక్కల మీద యాసిడ్ పోసి హైడ్రోజన్ తీసి, మద్రాసు నుంచి తెప్పించిన పెద్ద రబ్బరు బెలూన్‌ను ఆళ్లగడ్డ దాకా పంపాలని ఆమె పంతం. ఆ సంగతి ఇంట్లో చెప్పి నేను ఇరుక్కున్నాను. పై చదువుకు పంపమని అప్పటికే పోరుతున్నాను కదా, మా నాయన ఒక్క మాటతో తేల్చేశాడు: “ఆ బుడగ ఆళ్లగడ్డకు చేరితే కాలేజీకి పంపిస్తా. చేరకుంటే ఇంట్లో కూచో.” చూసి చెప్పడానికి ఆళ్లగడ్డలో మా మేనమామను మిద్దె ఎక్కమని కబురు కూడా చేశాడు!

ఆ సాయంత్రం బడి నిండా జనం. గాలి సరిగ్గా ఆళ్లగడ్డ వైపే వీస్తోంది. టీచరమ్మ మాత్రం నల్లమల మీద లేస్తున్న మేఘాన్నే చూస్తూ తాడు పట్టుకుని నిలబడ్డారు. “వదులమ్మా, పొద్దు పోతాంది!” అని జనం ఒకటే గోల. ఎవడో ఈల వేశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

“వదలండి టీచర్, మా నాయన చూస్తాండాడు,” అని ఆమె కొంగు పట్టుకున్నాను.

“నీ చదువు దీనికి కట్టినారు గదమ్మా. అందుకే వదల్ను,” అని ఆమె గ్యాసంతా తీసేశారు.

చీకటి పడకముందే వడగళ్లు మొదలయ్యాయి. బడి పెంకులు లేచిపోయాయి. అందరం వరండాలో ఒదిగాం. నాయన తలగుడ్డ పిండుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

“ఇప్పుడది పైన ఉండింటే ఏమయ్యేది టీచరమ్మా?”

“మంచు పేరుకొని కూలేది. ల్యాకుంటే పిడుగు తగిలి భగ్గుమనేది.”

“అంతమంది తిడ్తాంటే భయం కాలేదా?”

“అయింది. మేఘమంటే ఇంకా ఎక్కువ భయమప్పా.”

నాయన కాసేపు వడగళ్లు చూసి నా వైపు తిరిగాడు. “కాలేజీలో గూడా ఇట్లాంటోళ్లే చెప్తారా?”

“చెప్తారు,” అన్నాను, నాకేమీ తెలియకపోయినా.

“అయితే పో.”

వారం తర్వాత, ఆకాశం తేటగా ఉన్న పొద్దున, బెలూన్ వదిలాం. చుక్కంత అయి శిరివెళ్ల వైపు వెళ్లిపోయింది. ఆళ్లగడ్డ చేరిందో లేదో తెలియదు. ఈసారి మామను మిద్దె ఎక్కమని నాయన కబురు చేయలేదు.

తర్వాత వాతావరణ కేంద్రంలో ఉద్యోగం చేసి నేనూ చాలా బెలూన్లు వదిలాను. తొందరపెట్టేవాళ్లకు ఎక్కడా కొదవ లేదు. ఎవరెంత గోల చేసినా, తాడు చేతిలోకి రాగానే ముందు నల్లమల వైపు చూసేదాన్ని, నేనున్న ఊళ్లో నల్లమల లేకపోయినా.