తొమ్మిది ఇరవై నాలుగుకు శుక్రుడు

నా రికార్డు బుక్కులో ఐదు పేజీలు ఖాళీగా ఉన్నాయని మా ఆస్ట్రానమీ సారు దాన్ని తిరిగి నా ముందుకు తోసేశారు. ఎనభైల మొదట్లో మాట. వరంగల్లో బీఎస్సీలో లెక్కలు, ఫిజిక్సు పక్కన ఆస్ట్రానమీ మెయిన్‌గా తీసుకున్న పదకొండు మందిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. అది ఆఖరి సంవత్సరం. రికార్డు మీద సారు సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు. ప్రాక్టికల్ పోతే ఆ ఏడు డిగ్రీ పోయినట్టే.

ఆ ఐదు పేజీలూ రాత్రిపూట కాలేజీ టెలిస్కోపుతో చేయాల్సిన ప్రయోగాలవి. ఆడపిల్ల ఆరు దాటాక కాలేజీ ఆవరణలో ఉండకూడదని రూలు. ఆ రూలు పెట్టినవాళ్ళకు ఆస్ట్రానమీ క్లాసులో ఒక ఆడపిల్ల చేరుతుందన్న ఊహ కూడా ఉండి ఉండదు.

“మగపిల్లల రికార్డు తీస్కొని చూసి ఎక్కించుకోరాదా అమ్మా? ఒక్క గంట పని. నేను కండ్లు మూస్కొని సంతకం పెడ్త” అన్నారు సారు. నిజానికి ఆయన మంచివాడే. ఆయన మంచితనమే నన్ను ఎక్కువ మండించింది.

సరేనని ఒకతని రికార్డు తెచ్చుకున్నాను. వాళ్ళు సైకిళ్ళేసుకుని ధర్మసాగర్ చెరువు కట్ట మీదికి వెళ్ళి ఆకాశం చూసి వచ్చేవాళ్ళని నాకు చెప్పేవారు. వెళ్ళేవాళ్ళన్నది నిజం. అక్కడ మిరపకాయ బజ్జీలు తినేవాళ్ళన్నదీ నిజం. రికార్డు తెరిస్తే బృహస్పతి సింహరాశిలో ఉన్నాడు. నాకు అనుమానమొచ్చి ల్యాబులో మూలన పడేసిన సీనియర్ల రికార్డులు తీసి చూశాను. రెండేళ్ళ కిందటి వాటిలోనూ బృహస్పతి సింహంలోనే, అవే డిగ్రీల్లో, అవే నిమిషాల్లో ఉన్నాడు. నక్షత్రాల రికార్డు ఎన్నేళ్ళు ఎక్కించినా చెల్లుతుంది, అవి కదలవు. గ్రహం కదులుతుంది కదా! ఆకాశంలో బృహస్పతి తులలోకి వెళ్ళిపోయాడు. మా కాలేజీ రికార్డుల్లో మాత్రం సింహంలోనే చాప పరుచుకుని కూర్చున్నాడు.

సారుకు చూపించాను.

“గదంత ఎవడు చూస్తడమ్మా?” అన్నారు.

“నేను చూసిన కద సార్. నేను ఎక్కియ్య.”

“అయితె పరీక్ష వచ్చే ఏడు రాస్కో. గంత మొండితనం పనికిరాదు.”

మా అమ్మ మిషన్ దవాఖానలో నర్సు. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీ. మర్నాడు తెల్లవారుజామున ఆమె హసన్‌పర్తిలో మా ఇంటికి వచ్చేసరికి నేను గడపలో కూర్చుని ఉన్నాను.

“ఏమైంది బిడ్డా? ఏడుస్తానవా?”

చెప్పాను. అమ్మ చెప్పులు విడవకుండానే మొత్తం విన్నది.

“ఇరువై ఏండ్ల సంది రాత్రి డ్యూటీ చేస్తాన. నేను చీకట్ల నడిచొస్తె ఎవ్వనికి ఫికర్ లేదు గని, నువ్వు చుక్కల దిక్కు చూస్తె ఫికరైందా వాళ్ళకు?” అంది. కాసేపటికి కోపం కొంచెం దిగాక తూర్పు వైపు చూపించి, “అగో, ఆ వేగుచుక్కను చూస్కుంటనే నేను ఇల్లు చేరేది. తెల్లారినంక గూడ జర సేపు కనవడ్తది” అంది.

తెల్లారినంక గూడ. ఆ మాట నన్ను పట్టుకుంది. వేగుచుక్క అంటే శుక్రగ్రహం. వంటింటి కప్పు అంచుకు దాన్ని గురి చేసుకుని కన్నార్పకుండా చూశాను. పొద్దు పొడిచింది. ఇంకా కొంతసేపు సన్నగా తెల్లగా కనిపించి, ఎక్కడో తప్పిపోయింది. అది ఆరిపోలేదు, నా చూపు జారింది, అంతే. ఎక్కడ వెతకాలో తెలిస్తే పట్టపగలైనా అది అక్కడే ఉంటుంది. రాత్రి నాకు వద్దన్నారు. పగలు వద్దనే రూలు ఎవరూ పెట్టలేదు.

గ్రహాల స్థానాలు రోజువారీగా ఇచ్చే పుస్తకం మా లైబ్రరీకి ఏటా వచ్చేది. ఆ ఏటిది కవరు కూడా చింపకుండా బీరువాలో ఉంది. చింపింది నేనే. అందులోంచి లెక్క కట్టాను. పరీక్ష రోజున శుక్రుడు ఉదయం తొమ్మిది ఇరవై నాలుగుకు సరిగ్గా దక్షిణ దిక్కున, నేల నుంచి యాభై ఎనిమిదిన్నర డిగ్రీల ఎత్తున ఉంటాడు.

సారు దగ్గరికి వెళ్ళి పగలు చేస్తానన్నాను. క్లాసంతా విన్నది.

“మాకు పట్టపగలు చుక్కలు చూపిస్తవా ఏంది?” అన్నారు సారు. మగపిల్లలు బల్లలు చరిచి నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి.

“చుక్కలు కాదు సార్. ఒక్క గ్రహం.”

“సరే. ఎగ్జామినర్ ముందట చూపియ్యి. చూపిస్తె సంతకం పెడ్త. లేకుంటె హాల్లకు రాకు.”

కాలేజీ డాబా మీద ఒక కర్ర నిలబెట్టి, పొద్దుటి నీడకూ సాయంత్రం నీడకూ గుర్తులు పెట్టి ఉత్తర దక్షిణాల గీత గీశాను. నిటారు చూసుకోవడానికి దారానికి మేకు కట్టాను. పాత ఇత్తడి టెలిస్కోపుకు డిగ్రీల అట్ట ఒకటి అతికించాను. అద్దంలోకి ఎండ పడితే కన్ను పోతుంది కాబట్టి నీళ్ళ ట్యాంకు నీడలో పెట్టాను. మొదటి మూడు రోజులూ నీలం తప్ప ఏమీ కనబడలేదు. నాలుగో రోజు బుద్ధి వచ్చింది. దగ్గరి గోడను చూసి ఫోకస్ పెడితే ఎట్లా? దూరపు గుట్ట మీది బండను చూసి పెట్టాలి. అలా పెట్టాక, ఆ నీలంలో చిన్న తెల్లటి ముక్క కదిలి వచ్చింది. నేను డాబా మీద ఒక్కదాన్నే గట్టిగా అరిచాను.

పరీక్ష రోజు హైదరాబాదు నుంచి వచ్చిన ఎగ్జామినరు పెద్దాయన. “మొండిఘటం సార్ ఈమె” అని సారు ముందే చెప్పి ఉంచారు. తొమ్మిదింబావుకు అందరూ డాబా ఎక్కారు. ఇరవై నాలుగయింది. ఏమీ లేదు. ఇరవై ఐదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇప్పుడు ఇది రాకపోతే ఒక ఏడాది పోతుంది, అంతకన్నా ఎక్కువగా వీళ్ళ నవ్వు నా వెంట ఇంటికి వస్తుంది. ఇరవై ఆరుకు నీలం అంచు నుంచి ఆ తెల్లటి ముక్క వచ్చింది. నా గీతే కొద్దిగా పక్కకు పోయినట్టుంది.

“చూడండి సార్” అన్నాను, పక్కకు జరిగి.

ఎగ్జామినరు వంగారు. చాలాసేపు లేవలేదు. “సగం చంద్రుడిలాగుంది” అన్నారు మెల్లగా. “ముప్పై ఏళ్ళ నుంచి పాఠం చెబుతున్నానమ్మా. పగలు ఎప్పుడూ చూడలేదు.” తర్వాత మగపిల్లల వైపు తిరిగి, “మీ బృహస్పతి ఎక్కడున్నాడు?” అని అడిగారు. ఒకడు సింహం అన్నాడు. మిగతావాళ్ళు తలలూపారు. అయినా ఆయన వాళ్ళకు మార్కులు తగ్గించలేదు.

అందరూ దిగిపోయాక సారు ఒక్కరే టెలిస్కోపు దగ్గర మిగిలారు. కన్ను పెట్టి చూసి, మళ్ళీ చూసి, జేబులోంచి పెన్ను తీసి నా రికార్డు మీద సంతకం చేశారు. “ఇంక నాలుగు పేజీలు ఖాళీగున్నయి బిడ్డా. ఈ మాపటికల్ల నింపుకొని తే. ఊకె మార్కులెందుకు పోగొట్టుకుంటవ్?” అన్నారు. మొదటిసారి బిడ్డా అన్నారు. ఒక్క క్షణం మెత్తబడ్డాను కూడా.

“చూడనివి ఎట్ల రాస్త సార్? ఒక్క రాత్రి ఈ డాబా తాళంచెవి ఇయ్యున్రి, నాలుగూ చూసి రాస్త.”

ఆయన పెన్ను జేబులో పెట్టుకుని మెట్లు దిగారు. తాళంచెవి ఇవ్వలేదు. నేను నింపలేదు.

ఆ నాలుగు పేజీలు నింపి ఉంటే ఫస్టు క్లాసు వచ్చేది. డిగ్రీలో ఏ క్లాసని ఇప్పుడు ఎవరడిగినా, సెకండు క్లాసని గట్టిగానే చెప్తాను.