మొహం సీసా

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. ఫలానా దారిన పోవద్దని మా అత్త చెప్తే కావాలని ఆ దారినే పోయి వచ్చేదాన్ని. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం లేదు. ఇది భయంతో రాస్తున్నది కాదు, సిగ్గుతో రాస్తున్నది.

అరవైల చివర మేం మిర్యాలగూడలో ఉండేవాళ్లం. మా ఆయనకు బజారులో చిన్న ఫొటో స్టూడియో. ఫొటోలు కడగడం, ప్రింట్లు తీయడం మాత్రం ఇంట్లోనే, వంటింటి పక్క గదిలో, కిటికీకి వెలుగు రాకుండా గొంగడి కట్టుకొని. అప్పుడన్నీ నలుపు తెలుపు ఫొటోలే. రంగుల్లో కావాలన్నవాళ్లకు ఆ ప్రింటు మీదే దూదితో, సన్న బ్రష్షుతో పల్చగా రంగులద్ది ఇచ్చేవాళ్లం. ఆ పని నాది.

చీర రంగు, రవిక రంగు అడిగి వేసేదాన్ని. మొహాలకు మాత్రం అందరికీ ఒకటే రంగు. గులాబీ, పసుపు, రవ్వంత గోధుమ కలిపి సీసా నిండా పెట్టుకునేదాన్ని. మా ఇంట్లో దాని పేరే మొహం సీసా. ఎంత నల్లటి మనిషైనా ఆ సీసా రంగు పడితే తెల్లబడాల్సిందే. పెళ్లి చూపులకు పంపే ఫొటోలు కోదాడ నుంచి కూడా వచ్చేవంటే చూడండి, అంత పేరు నాకు. అంత పొగరు కూడా.

ఒకరోజు నిడమనూరు నుంచి మరియమ్మ అనే ఆమె వచ్చింది. పొలం కూలి. ఒక్కగానొక్క బిడ్డ సుగుణ, టీచర్ ట్రైనింగులో చేరబోతూ కామెర్లతో చనిపోయింది. దరఖాస్తు కోసం తీయించిన చిన్న ఫొటో ఒక్కటే మిగిలింది. అదీ తేమకు మాసిపోయి, మొహం మసకబారింది. పూర్తిగా పోకముందే దాన్ని పెద్దది చేసి రంగులు వేసివ్వమంది.

వరండా మెట్టు మీద కూర్చొని కుడిచేయి నా వైపు చాపింది.

"నా బిడ్డది అచ్చం నా రంగేనమ్మా. గీ చెయ్యి సూసుకుంట రంగు కలుపు."

పని తెలిసినవాళ్లు చేయాల్సింది అదే. ఆ చేతిని వెలుగులోకి పట్టుకొని, కాగితం ముక్క మీద రంగు వేసి పక్కన పెట్టి సరిచూసుకోవాలి. కానీ మరియమ్మది ఊరి బయటి వాడ. ఆ వాడవాళ్లను మా ఇంట్లో మెట్టు దాటనిచ్చేవాళ్లం కాదు, తాకేవాళ్లం కాదు. నేనూ తాకలేదు. "సరే సరే, తెల్సిందిలే" అని లోపలికి వచ్చేశాను. చాపిన చేయి ఆమె అట్లాగే కాసేపు ఉంచింది. కిటికీలోంచి చూశాను.

మా ఆయన చిన్న ఫొటోను మళ్లీ ఫొటో తీసి, రంగు బాగా పట్టాలని ప్రింటు కాస్త పాలిపోయినట్టు తీసిచ్చాడు. నేను మొహం సీసా తెరిచాను. అరగంటలో పని అయిపోయింది. అదే పూట, అదే సీసాతో కోదాడ షావుకారు కూతురి ఫొటో కూడా వేశాను.

చెప్పిన రోజుకు మరియమ్మ వచ్చి ఫొటో ఒళ్లో పెట్టుకొని చాలాసేపు చూసింది.

"సక్కగున్నదమ్మా. కాని గీమె నా బిడ్డ కాదు."

"తెల్లగ చేసిస్తే గూడ తప్పేనా? అందరు గట్లనే అడుగుతరు," అన్నాను కసురుకుంటూ.

"గీమెను గోడకు పెట్టుకొని నేనెవల్ని తల్సుకోవాలమ్మా?"

ఫొటోను మెట్టు మీద మెల్లగా పెట్టి వెళ్లిపోయింది. ఇంకో ప్రింటు తీస్తానన్నాడు మా ఆయన. నేనే వద్దన్నాను. నా పనికి వంక పెట్టిందని మంట. దాన్ని బీరువాలో, షావుకారు కూతురి ఫొటో వెనకాల పడేశాను.

పది రోజులకు కోదాడ వాళ్లు వచ్చారు. పట్టపగలు, పదకొండు గంటలప్పుడు. బీరువా తీసి వాళ్ల ఫొటో ఇచ్చాను. దాని వెనకున్న సుగుణ ఫొటో తీసి వెలుగులోకి పట్టుకున్నాను.

మొహం రంగు మారింది. నల్లగా, నిండుగా, ఎండలో పనిచేసి వచ్చిన ఆడపిల్ల మొహం. మెడ, చెవులు కూడా అదే రంగు. నేను వేసిన ఆకుపచ్చ చీర అంచు వరకు వచ్చి ఆగింది. చీరలో ఒక్క చుక్క తేడా లేదు. ఎడమ చెవి కింద చిన్న ఎర్రటి మచ్చ. అటువంటిది నేను వేయలేదు.

"సరిగ కడగకపోతే గట్లనే మారుతదే," అన్నాడు మా ఆయన. అట్లా మారితే మొత్తం ఫొటో మారాలి. ఒకే తొట్టిలో కడిగిన షావుకారు కూతురు గులాబీ రంగులోనే ఉంది మరి! పోనీ ఆయన వేశాడా అంటే, గోడకు సున్నం వేయమంటే కిటికీకి వేసే మనిషి. బీరువా తాళంచెవి నా కొంగునే ఉంది. పైన వేసిన రంగైతే ఊడొస్తుందని తడి దూదితో రుద్ది చూశాను, దూదికి ఏ రంగూ అంటలేదు.

మర్నాడు బస్సెక్కి నిడమనూరు పోయాను. మరియమ్మ గుడిసె ముందు బియ్యం ఏరుతోంది. ఫొటో ఇచ్చాను. చూసి, చేతిలోని చేట కింద పెట్టేసింది. తన చేతిని ఆ మొహం పక్కన పెట్టింది. రెండూ ఒకటే రంగు.

"మల్ల ఏసినవా అమ్మా! నా చెయ్యి యాదుంచుకొని ఏసినవా!"

తర్వాత వేలితో ఆ ఎర్ర మచ్చను తడిమింది.

"గిది పుట్టుమచ్చ. గా సిన్న ఫొటువల గూడ కానరాకపోయేది. నీకెట్ల తెల్సిందమ్మా?"

నేను వేయలేదని చెప్పాలి. ఆమె ఏడుస్తూ నా రెండు చేతులు పట్టుకొని కళ్లకద్దుకుంది. నా చేతులను, ఆ పని చేయని చేతులను! నేను మాట్లాడకుండా మొక్కించుకొని వచ్చాను.

ఇంటికి రాగానే మొహం సీసా మురికి మోరీలో ఒంపేశాను. ఆ తర్వాత వచ్చినవాళ్లందరి చేతులూ పట్టుకొని చూసే రంగు కలిపాను. మరియమ్మకు మాత్రం చివరిదాకా నిజం చెప్పలేదు. చెబుదామని రెండుసార్లు బస్టాండు దాకా పోయి తిరిగొచ్చాను. ఆమె చనిపోయిందని నాకు తెలిసేసరికే ఆమె పోయి ఏడాది దాటింది.

ఆ రంగు ఎట్లా వచ్చిందో, ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను వేయలేదు, మరియమ్మా.