జేజి పేరు మీద హజ్

మా చిన్నాయన పోయినాడని కొత్తచెరువు బస్టాండులో టీ అంగడి ఆయప్ప నాకు చెప్పినాడు. సోమందేపల్లె వైపు నుంచి వచ్చిన బస్సు డ్రైవరు ఆయప్పకు చెప్పి పోయినాడంట. "దూదేకులాయన మీ చిన్నాయనే కదమ్మా? తెల్లారి నమాజు వేళకు పోయినాడంట. మధ్యాన్నానికి తీస్తారంట, బిరబిరా పో" అన్నాడు. కూరగాయల సంచి ఆయప్ప కాడనే పెట్టేసి దొరికిన బస్సెక్కినాను. నేను పోయేతలికి ఇంటి ముందర ఊరు ఊరంతా ఉండింది. అందులోనూ ఆడోళ్ళే ఎక్కువ. రెడ్ల ఇండ్ల ముసలోళ్ళు మొదలుకొని కూలికి పోయే ఆడోళ్ళ దాకా కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తాండారు. పరుపులు కుట్టే ఒక సాయిబు కోసం అంతమంది ఎందుకు ఏడ్చినారో చెప్పాలంటే, ఆయన హజ్ సంగతి చెప్పాల.

మేము దూదేకులోళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజూ చేస్తాం, ఉగాదికి ఓళిగలూ తింటాం. ఉర్దూ మాట్లాడే సాయిబులు మా మాట విని నవ్వుతారు, నవ్వనీ. చిన్నాయన మా నాయనకు తమ్ముడు. పత్తి ఏకి పరుపులు కుట్టడం ఆయన పని. ఆయన ఏకుతాంటే దూది ఎగిరి కనురెప్పల మీదా మీసాల మీదా పడేది. మా జేజి, అంటే వాళ్ళమ్మ, మంచంలో నుంచే "యాబై ఏండ్లు రాకముందే ముసలోడైనాడు చూడండే నా కొడుకు" అని ఎగతాళి చేసేది. ఆయన కోపం తెచ్చుకొనేవాడు కాదు. ఇంకా కొంచెం దూది తీసి గడ్డానికి అంటించుకొనేవాడు.

జేజికి ఒకటే ఆశ, హజ్‌కు పోవాలని. తాత ఉన్నన్నాళ్ళూ "వానలు పడనీ, పోదాం" అనేవాడంట. మా సీమలో వానను నమ్ముకొని పెట్టుకొన్న పని ఏది అయ్యింది గనక! తాత పోయినాక జేజి బాయి గట్టున జారిపడి నడుము విరగ్గొట్టుకొనింది. కట్లు కట్టించినారు, హిందూపురం ఆస్పత్రికి బండి కట్టినారు. లేయలేదు. మంచం పట్టినాక ఆశ తగ్గాల కదా, ఆమెకు పెరిగింది. గోడ దిక్కు తిరుక్కొని అన్నం మానేసేది. "మక్కాకు పోకుండానే మట్టిలో పడతా. ఆడ దేవుడు అడిగితే ఏం చెప్పుకోవాల నేను?" అని ఏడ్చేది. ఆ ఏడుపు వినలేక మా నాయన చేనుకు పోయి కూర్చునేవాడు.

హిందూపురం మసీదులో ఇమాము దారి చూపించినాడు. మనిషి లేచి పోలేని గతిలో ఉంటే వాళ్ళ పేరు మీద ఇంకొకరు పోయి హజ్ చేసి రావొచ్చంట. దాన్ని హజ్జె బదల్ అంటారంట. ముందే ఒకసారి తనది తాను చేసుకొచ్చిన మనిషిని పంపితే మంచిదన్నాడు. మా చుట్టుపక్కల ఊర్లలో మక్కా చూసినోడు ఒక్కడు లేడు, యాడ తెచ్చేది? చిన్నాయన నేనే పోతానన్నాడు. ఇమాము ఆయన్ను కూర్చోబెట్టి మెల్లగా చెప్పినాడంట. "పో. చెల్లుతాది. కానీ అది పూర్తిగా మీ అమ్మది. నీది నీకు మిగిలే ఉంటాది. మళ్ళా పోగలవా, ఆలోచించుకో."

"నాది తర్వాత చూసుకొంటాలే సామీ. ముందు ఆమె అన్నం తినాల" అన్నాడంట చిన్నాయన.

తాత పేరున ఉన్న గుట్టకింద చేను అమ్మినారు. జేజి ఒంటి మీది వెండి కూడా తీసిచ్చింది. చిన్నాయన గుంతకల్లులో రైలెక్కి బొంబాయి పోయి, ఆడ ఓడెక్కినాడు. సముద్రం చూసి ఏమనిపించిందని తర్వాత నేనడిగితే "ఇన్ని నీళ్ళు ఈడ పెట్టుకొని మనకు ఒక చెరువన్నా నింపలేదే అని దేవుని మీద కోపమొచ్చింది పాపా" అన్నాడు. ఆ మాట అన్నందుకు మళ్ళీ తనే చెంపలేసుకొన్నాడు.

ఓడ జిద్దాకు చేరకముందే ఒక తావున మొగోళ్ళంతా స్నానం చేసి కుట్టు లేని తెల్లగుడ్డలు రెండు చుట్టుకొంటారు. హజ్ చేస్తాండామని మనసులో అనుకొని, నోటితో చెప్పేది అప్పుడే. ఓడలో కర్నూలు దిక్కు మౌల్వీ ఒకాయన అందరికీ చెప్పిస్తాండాడు. చిన్నాయన కాడికొచ్చి "నీదేనా?" అన్నాడు. "మా అమ్మ పేరు మీద" అన్నాడు చిన్నాయన. "ఆమె పేరేమి?"

చిన్నాయన నోరు తెరిచినాడు. వాళ్ళమ్మ పేరు ఆయనకు తెలీదు.

నవ్వొస్తాది మీకు. మాకందరికీ ఇదే గతి, చెప్తా వినండి. కొడుకులకు అమ్మ. మాకు జేజి. ఊళ్ళోవాళ్ళకు కులం పేరుతో పింజారమ్మ. తాత ఆమెను "ఇదిగో" అని తప్ప పిలిచింది లేదు. ఓట్లు రాసుకొనేదానికి వచ్చినోళ్ళు కూడా ఫలానాయన పెండ్లామని రాసుకొని పోయినారు. పేరు పెట్టి పిలిచే పుట్టింటివాళ్ళు ఎప్పుడో మట్టిలో కలిసినారు. ఇంతమందిమి ఆయన్ను సాగనంపినామే, హారతి ఒక్కటి ఇయ్యలేదు గానీ అంత సంబరం చేసినామే, ఆమె పేరేమని అడగాలని ఒక్కరికన్నా తోచలేదు. చవటలం, ఇంకేమనాల!

పాపం, ఆ గుడ్డలు చుట్టుకొని ఓడంతా తిరిగినాడంట, అనంతపురం జిల్లా వాళ్ళు ఎవరైనా ఉండారా, మా అమ్మ పేరు తెలుసా అని. మౌల్వీ నవ్వి "మా అమ్మ అని చెప్పుకో, చాలు. అల్లాకు తెలీదా?" అన్నాడు. అంతటితో సరిపోయేది. పక్కన ఆదోని అంగడాయన ఒకడు ఊరికే ఉండకుండా "పేరు చెప్పకపోతే నీ పేరుకే పడతాదేమో అప్పా" అన్నాడు. ఆ ముక్క ముల్లు మాదిరి దిగింది చిన్నాయనకు. ఆయప్ప ఎవరో గానీ, నాకిప్పటికీ కోపమే.

మక్కా కాడ అరఫాత్ మైదానంలో అందరూ చేతులెత్తి ఏడుస్తాంటే చిన్నాయన గుర్తులు చెప్పినాడు. "అల్లా, ఈ హజ్ నాది కాదు, మా అమ్మది. పేరు తెలీదు, మన్నించు. సోమందేపల్లె నుంచి పడమటికి పోతే వంక వస్తాది. వంక దాటినాక ఊరు. మసీదు సందులో ఎడమ చేతికి, గుమ్మం కాడ పగిలిన తిరగలి రాయి ఉండే ఇల్లు. అందులో నులకమంచం మీద ఉంటాది. నడుము లేవదు. నన్ను కన్నప్పుడు చచ్చి బతికిందంట. ఆమెది ఇది. తప్పిపోనీకు సామీ." వచ్చీరాని ఉర్దూ కూడా అప్పుడు నోటికి రాలేదంట. అంతా మన తెలుగులోనే చెప్పినాడు.

తిరిగొచ్చిన పొద్దు ఊరంతా రోడ్డు కాడికి పోయినాము. డప్పు పలకలు కొట్టినారు. ఊరి రెడ్డి పెద్ద పూలమాల వేసి "హాజీ సాబొచ్చినాడు" అని అరిచినాడు. చిన్నాయన ఎవరికీ మొగమియ్యలేదు. మాలతోనే గబగబా ఇంట్లోకి పోయి జేజి మంచం కాడ కూలబడినాడు. ఏడ్చి కావలించుకొంటాడని చూస్తాంటే, సలాము కూడా చెప్పకుండా "అమ్మా, నీ పేరేమే?" అన్నాడు.

"ఎండదెబ్బ తగిలిందా రా నీకు?" అనింది జేజి.

"చెప్పే ముందు!"

"మా నాయన పెట్టినాడు... పెనుకొండ దర్గాలో మొక్కుకొంటే పుట్టినానంట. ఫక్కీరమ్మ." ఆ పేరు చెప్పేటప్పుడు ఆమెకు సిగ్గొచ్చింది. కొంగు మొగానికి అడ్డం పెట్టుకొనింది.

చిన్నాయన జరిగిందంతా చెప్పినాడు. జేజి దగ్గొచ్చేదాకా నవ్వింది. "గుర్తులు చెప్పినావు కదా, చాలులే నాయనా. పోస్టాయనకు దొరికే ఇల్లు దేవునికి దొరకదా?" ఆ పొద్దు రెండు ముద్దలు ఎక్కువ తినింది. ఆమె మరుసటేడు పోయింది, నిబ్బరంగానే పోయింది.

కొడుక్కు మాత్రం నిబ్బరం చిక్కలేదు. ఆ ఆదోని మాట ఆయన్ను వదల్లేదు. అందుకే ఎవరైనా హాజీ అంటే చాలు, గొడవకు దిగేవాడు. పెండ్లి కార్డులో అట్లా అచ్చేయిస్తే తిరగ్గొట్టి పంపినాడు. మసీదులో ముందు వరసకు రమ్మంటే చెప్పుల కాడ నిలబడేవాడు. "హాజీ అని పిలిస్తే నీ పరుపు కుట్టను పో" అని ఒక షావుకారును వాకిట్లో నుంచి పంపేసినాడు. ఒకసారి నేనే విసుక్కొని అడిగినాను, ఎందుకింత మొండితనం చిన్నాయనా అని. ఏకుతాన్న పత్తి పక్కన పెట్టినాడు. "ఒక హజ్‌కు ఇద్దరు హాజీలు ఉంటారా పాపా? నేను ఊఁ అంటే ఆమెది నాకొచ్చి పడతాది. ఊఁ అనకుండా ఉండేదే నేను చెయ్యగలిగింది."

ఇంకొక అలవాటు కూడా పట్టుకొనింది. పరుపు కుట్టేదానికి ఎవరింటికి పోయినా ఆ ఇంటామెను "నీ పేరేమమ్మా?" అని అడిగేవాడు. మొదట్లో ఆడోళ్ళు తలుపేసుకొన్నారు, మొగోళ్ళు కర్రలు తీసినారు. "తప్పు లేదప్పా, మీ పిల్లోళ్ళకన్నా తెలిసుండాల" అని సంగతి చెప్తే చల్లబడినారు. పోను పోనూ బాయి కాడ, సంతలో ఆయన ఒక్కడే వాళ్ళను పేరు పెట్టి పిలిచేవాడు. "బాగుండావా ఓబులమ్మా?" "ఏమ్మా తిప్పక్కా, కాలు నొప్పి తగ్గిందా?" ఫలానోని పెండ్లాలుగా, ఫలానోని తల్లులుగా ముసలోళ్ళైపోయిన వాళ్ళు ఆ పిలుపుకు ఎట్ల మురిసేవాళ్ళో నేను చూసినాను. వాకిట్లో ఏడ్చినోళ్ళంతా వాళ్ళే.

తన హజ్ తనకు మిగిలే ఉందని చిన్నాయన ఎప్పుడూ మరిచిపోలేదు. ఏటా వచ్చే ఏడు అనుకొనేవాడు. వానలు లేవు, చెనిక్కాయ పంట లేదు, పరుపు కుట్టించేవాడు లేడు. దూది దుమ్ము రొమ్ములో చేరి దగ్గు పట్టుకొనింది. చివరి దినాల్లో నన్ను పిలిచి "నాది నేను చెయ్యలేకపోతి పాపా. మీలో ఎవరైనా చూడండి" అన్నాడు. ఏడ్చినాను, సరే అన్నాను. ఆయన అడిగింది బతుకులో అదొక్కటే.

మా నాయనా, మేమూ తలా ఇంత వేసుకొని మాట నిలబెట్టుకొన్నాము. ముందే తన హజ్ చేసుకొన్న హిందూపురం పెద్దాయన ఒకడు చిన్నాయన పేరు మీద పోయేదానికి ఒప్పుకొన్నాడు. పోయిన వారం ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చిన్నమ్మ ఇంకా గడువులో ఉంది, మొగుడు పోయినాక నాలుగు నెలల పది దినాలు పరాయి మొగోళ్ళ ఎదుటికి రాకూడదు. నేనూ ఆమే తలుపు వెనక నిలబడినాము.

"ఆయన పేరు చెప్పండి" అన్నాడు పెద్దాయన.

మా నాయన గొంతు సవరించుకొన్నాడు. అంతలో తలుపు వెనక నుంచి చిన్నమ్మ చెప్పేసింది. మొగుని పేరు నోట పలికితే ఆయుష్షు తరుగుతాదని మా ఆడోళ్ళు చచ్చినా చెప్పరు. కాపురానికొచ్చిన పొద్దు నుంచి ఆమె నోట ఆ పేరు ఎవరూ వినలేదు. గట్టిగా, నిండు గొంతుతో, ఇంటిపేరుతో సహా చెప్పి, "ఫక్కీరమ్మ కొడుకు" అనింది. అరుగు మీద అందరూ తలలు వంచుకొన్నారు.

"ఇంకొక తూరి మీరు చెప్పండన్నా, తప్పు పోకూడదు" అనింది.

పెద్దాయన చెప్పినాడు. మళ్ళా చెప్పమనింది. మళ్ళా చెప్పినాడు. తలుపు చెక్క మీద చెయ్యి ఆనించి నిలబడుకొని, చిన్నమ్మ పెదాలు కూడా ఆయనతో పాటే ఆ పేరు పలుకుతాండాయి.