మాస్టారు తన మీద వేసుకున్న తప్పు

మాస్టారు పోయారని ఫోను వచ్చేసరికి నేను నందిగామలో ఓ బట్టల కొట్లో నిచ్చెన మీద నిలబడి కెమెరా బిగిస్తున్నాను. గుండెనొప్పట. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా లేకపోయిందట. కిందికి దిగి, అక్కడే కూలబడి ఏడ్చాను. ఆయన నాకు బళ్ళో చదువు చెప్పిన మాస్టారు కాదు. జగ్గయ్యపేటలో టీవీలు బాగుచేస్తూ సీసీ కెమెరాల పనిలోకి వచ్చిన మనిషి. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పనిదే.

కెమెరాల గురించి ఆయనకు పెద్ద పట్టింపు లేదు. వీడియో దాచే పెట్టెలో వేసే హార్డ్ డిస్కుల దగ్గరే చాదస్తమంతా. "ఆఫీసు కంప్యూటర్లో డిస్కు సాయంత్రానికి పడుకుంటది. దీనికి నిద్రెక్కడిదిరా? రేయింబవళ్ళు రాస్తానే ఉండాలి. ఈ పనికని చేసిందే వెయ్యి" అనేవారు. నాలుగు కావాలంటే రెండు విజయవాడలో, రెండు హైదరాబాదులో కొనేవారు. తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవారు. "నాలుగూ ఒకే అట్టపెట్టెలోవి తేమాకు. కలిసి పుట్టినయ్యి కలిసే పోతయ్యి." నేను చాటుగా నవ్వుకునేవాణ్ణి.

ఓసారి ఆయనకు ఒంట్లో బాగోక, ఓ మిర్చి కోల్డ్ స్టోరేజీ పని నాకు అప్పగించారు. నాది తొందర. దగ్గర్లో దొరికిన మామూలు డిస్కులు, నాలుగూ ఒకే అట్టపెట్టెలోవి, వేసేశాను. ఒకటి పోతే మిగతా మూడూ వీడియోను కాపాడతాయి. రెండు పోతే అంతా పోయినట్టే. ఏడాది తిరక్కుండా ఒకే వారంలో రెండు పోయాయి. ఆ వారమే మిర్చి బస్తాలు మాయమయ్యాయి. చూద్దామంటే వీడియో లేదు. నింద వాచ్‌మన్ మీద పడింది, ఉద్యోగం ఊడింది.

మాస్టారు నన్ను వెంటబెట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్ళారు. "డిస్కులు ఎంచటంలో తప్పు నాదండి. వీడియో ఉంటే దొంగెవరో తెలిసేది. వాచ్‌మన్ని ఏమీ అనమాకండి." ఓనరు వినలేదు. నేనూ నోరు విప్పలేదు. తిరిగొచ్చే దారిలో మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత ఆయనే నాలుగు చోట్ల తిరిగి, ఆ వాచ్‌మన్‌కి ఓ పత్తి జిన్నింగు మిల్లులో పని చూపించారు. దొంగ మాత్రం దొరకలేదు. అతని మీద పడ్డ మచ్చా పోలేదు. "ఓసారి అతని దగ్గరికి వెళ్ళి నిజం చెప్పరా, నీకే తేలికవుద్ది" అని నాతో రెండు మూడుసార్లు అన్నారు. వెళ్దాంలే అనుకుంటూ ఏళ్ళు గడిపేశాను.

మాస్టారి ఇంటి ముందు షామియానా కింద ఆ వాచ్‌మన్ కనిపించాడు. నన్ను చూసి తలూపాడు. ఇక ఆగలేకపోయాను.

"ఆ డిస్కులు వేసింది ఆయన కాదు బాబాయ్, నేను."

"తెలుసులే అయ్యా" అన్నాడు. "ఆయన చేత్తో వేసినయ్యి పోతయ్యా? కానీ ఎన్నిసార్లడిగినా నీ పేరు మాత్రం చెప్పలా."

అంతలో లోపల్నుంచి పిలిచారు. అతను చెప్పులు విడిచి, పాడెకు ముందువైపు భుజం పెట్టాడు. అతని వెనకే నేను పట్టాను. శ్మశానం దాకా నాకు ఎదురుగా కనిపించింది చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయిన అతని చొక్కా ఒక్కటే.