కైలాసన్న పోగు

మా సిరిసిల్ల కైలాసన్న చొక్కా అంచులోంచి ఒక్క పోగు లాగి, మూడు గంటల లెక్కల పరీక్షను మూడు నిమిషాల్లో ముడేసి పారేశాడు. ఆ ముడి విప్పలేక పేపరు దిద్దే సారు రెండు రోజులు సెలవు పెట్టాడు. ఊరంతా ఇదే చెప్పుకుంటున్నారు. ఎందుకంటే ఊరందరికీ చెప్పింది నేనే.

కైలాసన్నకు నలభై నాలుగేళ్లు. మరమగ్గాల షెడ్డులో ఆయన సాంచా పక్కనే నా సాంచా. ఇరవై రెండేళ్లు నిలబడి నిలబడి ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. ఊరి బయట కొత్త మిల్లు పెట్టినవాళ్లు, పది పాసైన మెమో తెస్తే కుర్చీలో కూర్చునే సూపర్‌వైజర్ పని ఇస్తామన్నారు. ఆ కుర్చీ కోసం ఆయన ఓపెన్ స్కూల్లో చేరాడు. అన్నీ గట్టెక్కాయి, లెక్కలు మాత్రం రెండుసార్లు తప్పాయి.

ఆ కుర్చీ నాకు అక్కర్లేదనుకుంటున్నారా? నా అంత పనిమంతుడు జిల్లాలోనే లేడు. కాకపోతే పదిలో లెక్కల పరీక్ష అరగంట రాసి లేచి వచ్చేశాను. నా తెలివికి ఆ పేపరు చాలలేదు.

సాంచాల మోతలో ఎవరికీ వినపడదని కైలాసన్న సిద్ధాంతాలు గొంతెత్తి చదివేవాడు. నేను చదవకపోయినా, ఆయన పెదవులు చూసీ చూసీ నాకూ వచ్చేశాయి. అదో బాధ.

పరీక్ష రోజు నా బండి మీదే దింపాను. ఆయన పరీక్ష తప్పితే కొబ్బరికాయ కొడతానని కొండగట్టు అంజన్నకు మొక్కి, గేటు బయట కాచుకున్నాను.

గంట కొట్టగానే ఆటో నడిపే షాబాజ్ పరీక్ష రాసి తల పట్టుకుని బయటికొచ్చాడు. వెనకాలే గాజుల దుకాణంలో పనిచేసే ఇఖ్రా, ఆమె వెనక కైలాసన్న.

“బయటి బిందువు కెల్లి వృత్తానికి గీసిన రెండు స్పర్శరేఖలు సమానమని నిరూపించాల్నట!” అన్నాడు షాబాజ్. “పరేషాన్ చేసిండ్రు పో. కైలాసన్నా, నువ్వెట్ల చేసినవే?”

“అంగి అంచుల పోగు తీసి బొమ్మ మీద పెట్టి సూసిన. రెండు దిక్కుల గంతే అచ్చింది.”

షాబాజ్ పగలబడి నవ్వాడు. “గిది పరీక్షనే అన్నా, బట్టల దుకాణం గాదు! సారు గుండుసున్న పెడ్తడు.”

“నవ్వకు షాబాజ్ భాయ్,” అని ఇఖ్రా పుల్లతో మట్టిలో వృత్తం, దానికి రెండు స్పర్శరేఖలు గీసింది. “కొలిస్తె గీ ఒక్క బొమ్మకే సమానమని తెలుస్తది కాకా. అన్నిటికి సమానమని చెప్పాలె. కేంద్రం కెల్లి గీ రెండు వ్యాసార్థాలు, బయటి బిందువుకు ఒక గీత గియ్యి. రెండు లంబకోణ త్రిభుజాలు అయినయా? కర్ణం రెండిటికి ఒక్కటే, వ్యాసార్థాలు సమానం. ఇగ త్రిభుజాలు సర్వసమానం, రేఖలు సమానం.”

కైలాసన్న మట్టిలోని బొమ్మను చాలాసేపు చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. నాకు కడుపు చల్లబడింది.

“ఫికర్ చెయ్యకే అన్నా, అక్టోబర్‌ల మల్ల రాద్దువు,” అన్నాను. అంత తియ్యగా నేను మా అవ్వతో కూడా మాట్లాడలేదు.

దారి పొడవునా ఆయన వేళ్ల మీద మార్కులు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. షెడ్డులో దిగగానే నేను పోగు కథ మొదలుపెట్టాను. అందరూ సాంచాలు ఆపి మరీ నవ్వారు.

ఫలితాలు వచ్చాయి. ముప్పై ఏడు మార్కులు. కొబ్బరికాయ ఖర్చు తప్పింది. కైలాసన్న ఇప్పుడు మిల్లులో ఫ్యాను కింద కూర్చుంటున్నాడు. గుండ్రంగా తిరిగే కుర్చీ. నేను వెళ్లి చూశాను, ఒకసారి తిప్పి కూడా చూశాను.

అప్పటినుంచి నా కథలో పోగు గెలవడం మొదలైంది. చదివి పాసయ్యాడని చెప్పాలంటే నాకు నోరు రాదు. పోగు పెట్టి గట్టెక్కాడంటే నాకూ ఒక చొక్కా ఉంది కదా.

ఇక్కడిదాకా రాసిందంతా మొన్న ఆయనకే చదివి వినిపించాను. కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు:

“పోగు నా మనసు కోసం పెట్టి సూసుకున్నరా వెంకటీ. పేపర్ల త్రిభుజాలే రాసిన. సాంచా కాడ నీ ముంగటనే చదివిన గద, నీకు సుత అస్తయి.”